ఖాజాగూడ గోడ మీద బోనాలు

2023, ఆషాఢానికి కొంచెం ముందు. ఖాజాగూడలో చెరువుకు వెళ్లే దారి పక్కన ఒక ఐటీ పార్కు ప్రహరీ గోడ. నేను గోడల మీద బొమ్మలు వేసి బతుకుతాను. ఈ పనిని మ్యూరల్ ఆర్ట్ అంటారు. ప్రగతి నగర్‌లోని మా బంధువులు మాత్రం "సున్నాలు వేసే పనా?" అని అడుగుతారు. అప్పటిదాకా కాఫీ షాపుల్లో కప్పులూ, ప్లే స్కూళ్లలో జిరాఫీలూ వేశాను. మూలన నా పేరు రాసుకునే పెద్ద గోడ దొరకడం అదే మొదలు.

పార్కు ఫెసిలిటీ మేనేజర్ శ్రీనివాస్ గారిది భీమవరం. ఈ ఊరి పాత కథ కనపడాలన్నారు. బోనాల ఊరేగింపు వేస్తానన్నాను. ఆయన ఒక్క షరతు పెట్టారు.

"అందరూ మన గేటు వైపు నడుస్తున్నట్టు వేయండి. ఉద్యోగుల్ని ఆహ్వానిస్తున్నట్టు ఉంటుందండి."

నాకూ బాగానే తోచింది. అమ్మవారి పనిలో దిక్కు చూసుకోవాలని ఆర్ట్ కాలేజీలో ఎవరూ చెప్పలేదు.

మొదట గోడ నిండా పిచ్చి గీతలు గీశాను. దీన్ని డూడుల్ గ్రిడ్ అంటారు. గీతలతో సహా గోడను ఫోటో తీసి, ఫోన్‌లో దాని మీద డిజైన్ పరిస్తే, ఎవరి ముక్కు ఏ గీత పక్కన రావాలో తెలిసిపోతుంది. ఇది తెలియని సెక్యూరిటీ గార్డు, గోడ పాడుచేస్తున్నానని నన్ను రెక్క పట్టుకుని శ్రీనివాస్ గారి ముందు నిలబెట్టాడు. కళాకారుడిగా నాకు దక్కిన తొలి గుర్తింపు అది.

ముందు కొరడా ఝళిపిస్తూ పోతురాజు, వెనక తలల మీద బోనాలతో ఏడుగురు ఆడవాళ్లు, కుండల మీద వెలిగే దీపాలు. పని దాదాపు పూర్తయిన రోజున బాలమ్మ వచ్చింది. ఊళ్లో మొదటి బోనం ఎత్తేది ఆమే. ఐదంతస్తుల హాస్టల్ కూడా ఆమెదే. పార్కులో పనిచేసే పిల్లలు చాలామంది అక్కడే ఉంటారు.

"ఏంది బిడ్డా, గీళ్లంత ఏడికి వోతున్నరు?"

"గుడికమ్మా."

"మైసమ్మ చెరువు కట్ట మీదున్నది. గీళ్లేమో ఆఫీసు దిక్కు వోతున్నరు. లిఫ్టుకు నైవేద్యం పెడతరా?"

వెనక్కి తిరిగి చూశాను. చెరువు అటుంది. నా ఏడు బోనాలూ అమ్మవారికి వీపు పెట్టి హుషారుగా పార్కింగ్ వైపు వెళ్తున్నాయి.

"మా బోనాలు గీ తొవ్వలనే పోతయి. అమ్మకు ఈపు పెట్టిన బొమ్మల ముంగట నుంచి మేం పోము. తుడిపెయ్యి."

సాయంత్రానికి ఈ మాట శ్రీనివాస్ గారికి చేరింది. "ఊరివాళ్లు వద్దంటే మనం చేసేదేముందండి. ప్రైమర్ కొట్టించేద్దాం." ప్రైమర్ అంటే రంగు వేసే ముందు గోడకు పూసే తెల్ల పూత. రంగు వేశాక పూస్తే దాన్ని సమాధి అనాలి. బోనాలు దగ్గర పడ్డాయి. అందర్నీ చెరిపి చెరువు వైపు తిప్పి వేసే వ్యవధి లేదు.

మర్నాడు బాలమ్మ హాస్టల్‌కు వెళ్లాను. కాళ్ల మీద పడదామనుకున్నాను గానీ టిఫిన్ వేళ కావడంతో అంత చోటు లేదు. ఆమే ఒక ప్లేటు చేతిలో పెట్టింది. తింటూ అడిగాను.

"నైవేద్యం పెట్టినాక ఏం చేస్తారమ్మా?"

"ఏం చేస్తం? బోనం ఎత్తుకొని ఇంటికొస్తం. మిగిలింది అందరం తింటం."

"మరి దీపం?"

"అమ్మ ముంగటనే పెట్టొస్తం. ఇంటికొచ్చేటప్పుడు దీపమెందుకు?"

"పార్కు రాకముందు మీ ఇల్లెక్కడ ఉండేది?"

ఆమె సాంబారు గరిటెతో కిటికీ బయటికి చూపించింది. "గా రెండో టవర్ కాడ. బర్రెల కొట్టమేమో గేటున్న కాడ."

ఇడ్లీ ప్లేటు పక్కన పెట్టాను. "అయితే అమ్మా, నా బొమ్మల్లో వాళ్లు గుడికి పోవడం లేదు. ఇంటికి వస్తున్నారు."

బాలమ్మ నన్ను ఎగాదిగా చూసింది. "ముందుగాల దీపాలు తీసెయ్యి. గప్పుడు జూస్తా."

దీపాలు తీసేశాను. వేపాకులు కాస్త వాడినట్టు చేశాను. గేటు దగ్గర విస్తళ్లు పట్టుకుని ఎదురుచూసే పిల్లల్ని వేశాను, వాళ్ల పక్కన ఒక బర్రెను. పోతురాజు కొరడా భుజానికెక్కింది. చేతికి చాయ్ గ్లాసు వచ్చింది. గ్లాసు చూసి అపచారమేమోనని శ్రీనివాస్ గారు కంగారుపడితే, పరీక్షకు వచ్చిన బాలమ్మే తేల్చేసింది.

"పొద్దుగాల్నుంచి దుంకిండు. జర తాగనియ్యి సార్."

గోడను ఈ చివర నుంచి ఆ చివరిదాకా చూసి వెళ్లిపోయింది. అది పాసో ఫెయిలో నాకు అర్థం కాలేదు.

బోనాల రోజు డప్పులు దగ్గరయ్యాయి. ముందు బాలమ్మ, తల మీద వెలుగుతున్న దీపం. సరిగ్గా గోడ దగ్గరకొచ్చి ఆగింది. వెనక ఊరంతా ఆగింది. టవర్ అద్దాల వెనక ఉద్యోగులు మీటింగులు వదిలేసి నిలబడ్డారు. గోడ మీది మొదటి ఆడమనిషీ బాలమ్మా ఎదురెదురుగా ఉన్నారు, ఒకరు పోతూ, ఒకరు వస్తూ.

"నీదప్పుడే అయిపోయిందానే?" అంది బాలమ్మ బొమ్మతో. "జర ఆగు, మేం గూడ వస్తం."

వెనక ఆడవాళ్లంతా నవ్వారు. డప్పులు మళ్లీ అందుకున్నాయి. ఊరేగింపు మొత్తం నా గోడ ముందు నుంచే చెరువుకు వెళ్లింది. నేను కళ్లు తుడుచుకున్నాను. రంగు పడిందని గార్డుకు చెప్పాను.

"నేను మొదట్నుంచీ గేటు వైపే అన్నానండి," అన్నారు శ్రీనివాస్ గారు.

అప్పటినుంచి ఏ గోడ దొరికినా, గీత గీసే ముందు చుట్టుపక్కల ఒకటే అడుగుతాను: ఇక్కడ ఇంతకుముందు ఎవరి ఇల్లుండేది? బొమ్మ ఎటు నడవాలో ఆ జవాబులోనే ఉంటుంది. ప్రగతి నగర్ బంధువులు కూడా వచ్చి గోడను చేత్తో తడిమి చూశారు. సున్నం బాగా పట్టిందన్నారు.