కొప్పులో తాళంచెవి

దగ్గరికి జరిగి కూర్చోండి, చేతిలో పనుంటే అది కూడా తెచ్చుకోండి, వింటూ చేసుకోవచ్చు. ఆ రోజుల్లో, అంటే ఇంటింటా టేపురికార్డరు ఉండి సెల్‌ఫోను లేని రోజుల్లో, పాట గాలి లాంటిదని, ఎవరి చెవిలో పడితే వాళ్లదని నేను అనుకునేదాన్ని. నేను చదివింది ఐదో తరగతి (అందులోనూ సగం పత్తి తీతలకే పోయింది). ప్రత్తిపాడుకు కోడలిగా వచ్చిన కొత్తల్లో, కళ్లంలో మిరపకాయల తొడిమలు తీస్తూ, విసుగు పుట్టి ఒక పాట కట్టాను.

"ఎర్రెర్ర మిరపకాయ ఎండలోన ఎండె
మా అత్త కోపమేమొ నీడలోన మండె
పచ్చళ్ల గది తలుపుకు తాళమేసి పెట్టె
తాళంచెవి తీసుకెళ్లి కొప్పులోన చుట్టె"

తోటి ఆడవాళ్లు పడీపడీ నవ్వారు. అత్తమ్మ కళ్లానికి రాదు (ఘాటుకు తుమ్ములు), అదే నా ధైర్యం. ఆ పూట మంచినీళ్లకని ఆగిన పురుగుమందుల మైకు ఆటో అతను "బాగుందక్కా, మళ్లీ పాడు" అని టేపులో పట్టుకున్నాడు. నేను గొంతు సవరించుకుని మరీ పాడాను.

వారం తిరక్కుండా నా పాట మా వీధిలోకే వచ్చింది, వేరే ఎవరో ఆవిడ గొంతుతో. "కొప్పులోన చుట్టె" అవగానే ఆటో అతని కేక: "ఎంత మొండి పురుగైనా ఒక్క డబ్బాతో మాయం!" అత్తమ్మ అరుగు మీద కూర్చుని ఆసాంతం విని, "ఎవరి అత్తో పాపం, పురుగుల్లో కలిపేశారు" అంది. చెయ్యి మాత్రం ఒకసారి కొప్పు తడుముకుంది.

ఎదురింటి మాస్టారిని చాటుగా అడిగాను. "కథ, పాట, నాటకం, బొమ్మ, ఫోటో, సినిమా, ఎవరు సొంతంగా తయారుచేస్తే హక్కు వాళ్లదేనమ్మా. అడక్కుండా వాడుకోకూడదు" అన్నారు.

"మరి గోంగూర పచ్చడండీ?" (నాకు పాటకన్నా పచ్చడి మీదే నమ్మకం.)

"పచ్చడికి లేదు. పచ్చడి గురించి నువ్వో పుస్తకం రాస్తే ఆ రాతకు ఉంటుంది. ముందు నీ పాట నీదని చెప్పుకో."

చిక్కంతా అక్కడే. నాదంటే అత్తమ్మకు తెలుస్తుంది, ఊరుకుంటే పాట పోతుంది. రెండు రోజులు అన్నం సయించలేదు (మూడో రోజు తిన్నాను). నాలుగో రోజు ఆటో మళ్లీ వచ్చింది. ఈసారి ఆ పాట కట్టింది తానేనని అతను మైకులో చెప్పుకున్నాడు. పిండి చేతులతోనే వీధిలోకి ఉరికాను.

"ఆ పాట నాది!"

"రుజువేందక్కా? పాట మీద నీ పేరు రాసుందా?"

వెనకనుంచి అత్తమ్మ అరుగు దిగింది. "రుజువు నేనురా! మీ ఇంట్లో ఎవరైనా తాళంచెవి కొప్పులో పెట్టుకుంటారా?"

"లేదు పిన్నిగారూ."

అత్తమ్మ కొప్పు విప్పింది. తాళంచెవి ఆటో రేకు మీద టంగున పడింది. "నన్ను తిట్టింది నా కోడలు. అది ఒప్పుకుంటే, దాని పేరు చెప్పి వేసుకో. పురుగుల పక్కన మాత్రం వెయ్యమాక."

నేను ఒప్పుకోలేదు. ఆటో నోరు మూసుకుని వెళ్లిపోయింది. "ఊరందరికీ తెలిశాక ఇంకెక్కడ దాచేది, నువ్వే ఉంచుకో" అని అత్తమ్మ తాళంచెవి నా చేతిలో పెట్టి, రెండు రోజులు పచ్చళ్ల గది వైపే రాలేదు. మూడో రోజు జాడీ దించుతూ ఆ పాటే కూనిరాగం తీసింది, రెండో పాదం మాత్రం మింగేసి.

ఇప్పుడా తాళంచెవి నా కొప్పులో ఉంది. వంటింట్లో మా కోడలు ఏదో పాడుకుంటూ, నా అడుగు వినపడగానే ఆపేస్తుంది. నేను అడగను, ఆ పాట దానిది. గుమ్మం బయట నిలబడి, నా గురించి ఏం కట్టిందో విందామని చూస్తాను, అంతే. మీ ఇంట జాడీలు నిండుగా ఉండాలి, మీ కోడళ్ల గొంతులు చల్లగా ఉండాలి.