జేబులో ఫ్యూజు

లిఫ్టులు బాగుచేసే పనివాళ్లలో ఎత్తంటే భయపడేవాడు ఒక్కడే ఉండేవాడు. తోటివాళ్లు అతనికి కుందేలని పేరు పెట్టారు. ఉరుమంటే భయం, కుక్కంటే భయం, ఇంటికి కవరొచ్చిందంటే విప్పకముందే చెమటలు. పెళ్లినాడు చర్చిలో ప్రమాణం చేస్తుంటే అతని మోకాళ్లు కొట్టుకున్న చప్పుడుకు వాద్యం వాయించేవాడు తాళం తప్పాడట. నమ్మకపోతే ఆ వాద్యగాణ్ణే అడగండి, ఇప్పటికీ కుదురుకోలేదంటాడు. అయినా ముప్పై ఏళ్లలో కుందేలు చేతిమీదుగా ఒక్క ప్రమాదం జరగలేదు. పిరికివాడు బిగించిన మర ఊడదు మరి.

ఆ పనిలో ఒక కట్టుబాటుంది. లిఫ్టు గుంటలోకి దిగేవాడు ముందుగా మెట్ల పక్కనున్న బోర్డులోంచి ఫ్యూజు పీకి, తన జేబులోనే వేసుకోవాలి. కన్నతండ్రి అడిగినా ఇవ్వకూడదు. ఆ పింగాణీ ముక్క జేబులో ఉన్నంతసేపూ లిఫ్టు కదలదు. ఏ మేడ ఫ్యూజు మీద ఆ మేడ నంబరు ఎర్రరంగుతో రాసి ఉంటుంది.

భార్య తమ్ముణ్ణి ఈ పనిలో పెట్టింది కుందేలే. కట్టుబాటు నేర్పిందీ అతనే. నాలుగేళ్ల క్రితం ఒక పదకొండంతస్తుల మేడలో బావమరిది గుంటలోకి దిగాడు, కుందేలు పైన మోటారు గదిలో గ్రీజు పూస్తున్నాడు. ఉన్నట్టుండి అతని చేతికింద మోటారు తిరగడం మొదలుపెట్టింది. దాన్ని ఆపే ఎర్ర బొత్తాం నొక్కేసరికే ఆలస్యమైపోయింది.

ప్రాణం పోయిన కుర్రాణ్ణి బయటికి లాగి, జేబు తడిమితే ఫ్యూజు అక్కడే ఉంది. బోర్డు దగ్గర చూస్తే, ఖాళీ గూట్లో మడతపెట్టిన రాగితీగ. పై అంతస్తు పెద్దాయన మెట్లెక్కలేనన్నాడని, లిఫ్టు నడిపించడానికి సూపర్‌వైజరు దూర్చిన తీగ అది. సూపర్‌వైజరు గబగబా దాన్ని పీకేస్తూ తలెత్తాడు. ఇద్దరి చూపులూ కలిశాయి. ముందు తలదించుకున్నది కుందేలే.

'పనివాడు ఫ్యూజు తియ్యడం మరిచాడు' అని కాగితాల్లో రాశారు. కుందేలు ఆ ఫ్యూజును పనిముట్ల పెట్టె అడుగున, నూనెగుడ్డల కింద దాచాడు. ఎవరికీ చెప్పలేదు. భార్యకు అసలే చెప్పలేదు.

ఆమె ఇంట్లోనే బడిపిల్లల బట్టలు కుడుతుంది. రోజూ సాయంత్రం ఆరింటికి మిషను ఆపి, దాని పక్కనే మోకరిస్తుంది. "ప్రభువా, మా తమ్ముడు మరిచిపోయే రకం కాదు. నీకు తెలుసు. అందరికీ ఎప్పుడు తెలియజేస్తావు?" అని అడుగుతుంది. ఎందుకిలా చేశావని ఒక్కసారీ అడగలేదు, ఎప్పుడనే అడిగేది. పక్కన మోకరించిన కుందేలు ఆమెన్ అనాలి. ఆ రెండక్షరాలూ అతని గొంతులో చేపముల్లులా గుచ్చుకునేవి. నూనెగుడ్డలున్న పెట్టె వాళ్లకు రెండు జానల దూరంలో ఉండేది.

ఆ చావు మీద విచారణ తొమ్మిదిసార్లు వాయిదా పడింది. పదోసారి విచారణకు సాక్షిగా రమ్మని కుందేలుకు కాగితమొచ్చింది. మర్నాడు పొద్దున్నే సూపర్‌వైజరు ఇంటికొచ్చి, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"ఏం కుందేలూ, ఆరోగ్యం బాగుందా?"

"బాగుందండి."

"బాగుండాలి. రోజూ గుంటలో దిగేవాడివి. పైన ఎవరుంటారో, ఏం చేస్తారో కిందున్నవాడికి కనపడదు కదా." ఆయన నవ్వి మిషను వైపు చూశాడు. "ఏమ్మా, కుట్టు బాగా సాగుతోందా?"

ఆమె మిషను తొక్కుతూనే ఉంది. ఆయన వెళ్లాక కుందేలు తలుపు గడియ మూడుసార్లు సరిచూసుకున్నాడు.

ఆ సాయంత్రం ఆరైంది. మిషను ఆగలేదు. ఆరున్నరైంది. ఆగలేదు.

"ఏంటి, ప్రార్థన చెయ్యవా?" అన్నాడతను.

"ఎవరికి చెయ్యాలి?" ఆమె తలెత్తకుండానే అంది. "నాలుగేళ్లు. గోడకి చెప్పుకున్నా ఈపాటికి పెచ్చు రాలేది. వినేవాడుంటే ఇంతకాలం పట్టేదా?"

కుందేలు జీవితంలో చాలాసార్లు భయపడ్డాడు గాని, ఇంత భయం ఎప్పుడూ ఎరుగడు. సూపర్‌వైజరు తన ప్రాణమే తియ్యగలడు. ఇక్కడ తన మౌనం ఈమె దేవుణ్ణే తీసేస్తోంది. అతను పాక్కుంటూ వెళ్లినట్టే వెళ్లి పెట్టె తెరిచి, ఫ్యూజు తెచ్చి, కుడుతున్న గుడ్డ మీద పెట్టాడు.

"వాడి జేబులో ఉంది. వాడు మరిచిపోలేదు. నేనే... చెప్పలేకపోయాను."

ఆమె నంబరు చూసింది. అతని ముఖం చూసింది.

"నేను ఆకాశంలోకి చూసి అడుగుతున్నది మీ పెట్టెలో ఉందా?"

"ఉంది."

"ఆమెన్ అని ఎలా అన్నారండీ?"

ఆ రాత్రి ఆమె అన్నం పెట్టింది గాని మాట్లాడలేదు. తెల్లారి మాత్రం, "ఎల్లుండి నేనూ వస్తున్నాను. పారిపోతే చొక్కా పట్టుకుని లాక్కొస్తా" అంది.

విచారణ గదిలో ఫ్యాను కిర్రుమంటోంది. లిఫ్టు కంపెనీ యజమాని తరఫు లాయరు రాలేదని, మళ్లీ వాయిదా వెయ్యబోతున్నాడు అధికారి. కుందేలు లేచాడు.

"అయ్యా, వాయిదా వేస్తే వేశారు గాని, ఇది తీసుకుని వెయ్యండి."

ఫ్యూజు బల్ల మీద పెట్టి, జేబు సంగతీ రాగితీగ సంగతీ నత్తుతూనే చెప్పాడు. అధికారి కళ్లజోడు పెట్టుకుని ఎర్ర నంబరు చదివాడు.

"నాలుగేళ్లు ఎందుకు దాచావయ్యా?"

"భయమండి."

"మరి ఇప్పుడు?"

"ఇప్పుడూ భయమేనండి. చూడండి, చెయ్యెలా ఊగుతోందో."

అధికారి అంతా రాసుకుని, ఫ్యూజును కవరులో పెట్టి లక్కముద్ర వేయించాడు. రెండు నెలల తరవాతకు తేదీ ఇచ్చాడు. తీర్పు లేదు, ఏమీ లేదు. బయట వరండాలో సూపర్‌వైజరు కుందేలు చెవి దగ్గరికొచ్చి, "రేపు పాత ఆస్పత్రి మేడ. పొద్దున్నే దిగాలి" అన్నాడు.

మర్నాడు కుందేలు పనికి బయల్దేరుతుంటే, ఆమె ముక్కాలిపీట చంకన పెట్టుకుని వెంట నడిచింది.

"నువ్వెక్కడికి?"

"మీతోనే."

"దేవుడు చూసుకుంటాడులేవే."

"చూసుకుంటాడు. నిన్న మీ నోరు తెరిపించాడు, ఆయన పని ఆయన చేస్తున్నాడు. బోర్డు దగ్గర కూర్చోడానికి మనిషి కావాలిగా, అది నేను."

ఆస్పత్రి మేడలో అతను ఫ్యూజు పీకి జేబులో వేసుకుని, ఆమె బోర్డుకు అడ్డంగా పీట వేసుకున్నాక గుంటలోకి దిగాడు. లోపల చీకటి, తడిసిన ఇనుము వాసన. తల మీద లిఫ్టు అడుగుభాగం నల్లగా వేలాడుతోంది. పైన ఆమె ప్రార్థన వినపడుతోంది, మునుపటి మాటే, "ఎప్పుడు ప్రభువా?" అని. అంతలో బూట్ల చప్పుడు వచ్చి బోర్డు దగ్గర ఆగింది. కుందేలు జేబులోని ఫ్యూజును గట్టిగా పట్టుకున్నాడు.

"అమ్మా, కాస్త పక్కకి జరగండి." ఆ గొంతు ఎవరిదో కిందున్న కుందేలు పోల్చుకోలేకపోయాడు.

"కూర్చున్నాను కదా బాబూ. ఏం కావాలి?"

బూట్లు కదల్లేదు. ఆమె ప్రార్థన మళ్లీ మొదలైంది, ఈసారి మేడంతా వినపడేంత గట్టిగా. ఎక్కడో తలుపులు తెరుచుకున్నాయి. ఎవరో ఏమైందని అడిగారు. కాసేపటికి బూట్ల చప్పుడు మెల్లగా మెట్లెక్కిపోయింది, పైకి, ఇంకా పైకి. పోయిందో, ఏ మలుపులోనో ఆగిందో కిందున్నవాడికి తెలియదు.

"ఏమండీ, పని ఎంతవరకొచ్చింది?" ఆమె గొంతూ వణుకుతోంది.

"సగం."

"కానివ్వండి. నేనెక్కడికీ పోను."