ఓబులమ్మ ఎదురొచ్చిన సాలు

“దాని తప్పేముండాది మా? పాఠం అయిపోయింది, వచ్చేసింది. నాలుగేండ్లు ఇంట్లో నేను చెప్పింది అట్లనే కదా!”

“అయిపోతే లేసి వచ్చేదానికి అది ఇస్కూలా, సంతనా? ఇస్కూలంతా దాన్ని ఎతికినారు!”

“అందుకే అంటాండా. ఇంట్లోనే చదివించుకుంటా. నా బిడ్డకు ఆ తిట్లు వద్దు.”

“నోరు మూయి సుజాతా. నన్ను మూడో తరగతిలో మానిపించినారు. దీన్ని ఏడులో నువ్వు మానిపిస్తావా?”

నా కూతురూ నేనూ ఇట్లా అరుచుకుంటుంటే, మనుమరాలు కీర్తన సంచీ భుజానే ఉంచుకొని గడప దగ్గర నిలబడింది. మా అల్లుడు టాంజానియాలో బోర్లు వేసే బండి మీద పని చేస్తాడు. ఆ బండి ఎక్కడ నిలిస్తే అక్కడే కాపురం. దగ్గర్లో బడి లేక నా కూతురే పిల్లకు నాలుగేళ్లు చదువు చెప్పింది. బాగానే చెప్పింది, ఆ మాట దాని ఎదుట నేనెప్పుడూ అనలేదు. ఈ ఏడు తల్లీబిడ్డలు ఉరవకొండకు వచ్చేశారు. కాగితాలు కుదిరి పిల్ల బడిలో చేరేసరికి శ్రావణం వచ్చింది. మూడో రోజునే, సారు ఇచ్చిన ఎనిమిది లెక్కలూ చేసి, పుస్తకం బల్ల మీద పెట్టి, “అయిపోయింది సార్” అని చెప్పి, సారు నల్లబల్ల వైపు నుంచి తిరిగి చూసేలోపల గేటు దాటింది. చేలకు అడ్డంబడి ఇల్లు చేరింది. కాసేపటికే హెడ్మాస్టరు వెతుక్కుంటూ మా వాకిట్లోకి వచ్చాడు. “పక్కనే బావి ఉండాదమ్మా. ఇంకొకసారి ఇట్ల పోతే నేను పెట్టుకోలేను,” అన్నాడు. ఆయన మాటలో తప్పు లేదు. ఆయన అటు పోగానే మొదలైంది ఈ గొడవ.

కీర్తన చెప్పులకు బురద, పచ్చి కలుపు అంటుకొని ఉన్నాయి. సుజాత చెంబుతో నీళ్లు తెస్తే, దండగ చేయవద్దని రాతి మీద కొట్టి దులపమన్నాను. దులిపినప్పుడు లేచిన ఆ వాసనకే నాకు ఓబులమ్మ గుర్తుకొచ్చింది.

ఓబులమ్మ మా ఊరి కూలి ఆడవాళ్ల గుంపుకు పెద్ద. చింతబరికె లాంటి మనిషి. ఆమె నవ్వగా చూసినవాళ్లు తక్కువ. బడి మానిపించి మా అమ్మ నన్ను ఆమె వెంట పంపినప్పుడు నాకు తొమ్మిదేళ్లు. నా చేతులు చురుకు. మొదటి రోజే వేరుశనగ చేనులో నా సాలు, అంటే నా వంతు వరస, కలుపు అందరికంటే ముందు తీసేసి, గట్టు మీద కూర్చుని సద్దిమూట విప్పాను. మెచ్చుకుంటారని అటే చూస్తున్నాను. ఓబులమ్మ నడుము ఎత్తకుండానే అడిగింది.

“ఏమ్మే, ఆడ ఏం చేస్తాండావు?”

“నా సాలు అయిపోయింది కదత్తా.”

“నీ సాలు అయిపోయింది. చేను అయిపోయిందా?”

“వాళ్లు నిదానంగా తీస్తే నేనేం చేయల్ల?”

“ఆ కొసకు పోయి నాగమ్మ సాలుకు ఎదురు రా. ముందు పోయినోళ్లు గట్టెక్కితే ఎనకున్నోళ్లు ఎప్పుడు ఇల్లు చేరల్ల? రాణి మాదిరి కూసుంది సూడు!”

అందరూ నవ్వారు. ఏడుపు మింగుకొని అవతలి కొస నుంచి తీసుకుంటూ వచ్చాను. చేను నడుమ ముసలి నాగమ్మ చెయ్యి నా చేతికి తగిలింది. ఇద్దరం ఒకేసారి లేచి నడుములు విరుచుకున్నాం.

సుజాత కడుపులో ఉన్న ఏడాది వెనకబడే వంతు నాకు వచ్చింది. కళ్లు తిరుగుతున్నాయి. పక్క సాళ్లవాళ్లు ఎంత దూరం పోయారో చూడడానికి కూడా సిగ్గేసి, తల వంచుకొని తీస్తున్నాను. ఉన్నట్టుండి నా సాలులోనే ఎదురుగా రెండు చేతులు కనిపించాయి. నల్లగాజుల చేతులు. “తల ఎత్తొద్దులే, తియ్యి,” అంది ఓబులమ్మ. అంతే. ఆ రోజు గురించి మళ్లీ ఒక్క మాట అనలేదు. ఆమె గుంపులో ఒక్కరు కూడా చేనులో ఒంటిగా మిగిలిపోయింది లేదు. ఆ గుంపులో పని చేశానని ఈ రోజుకీ తల ఎత్తుకునే చెబుతాను.

సాయంత్రం కీర్తన నా పక్కన కూర్చుంది. “పని అయిపోయినాక ఆడ ఏం చేయల్ల అవ్వా?” అంది. పొద్దున్నుంచీ అరుచుకున్నవాళ్లమే కానీ, ఆ సంగతి దానికి చెప్పినవాళ్లం కాము. ఓబులమ్మ కథంతా చెప్పాను. గిన్నెలు తోముతున్న సుజాత చెయ్యి ఆపింది.

“నాకు ఎప్పుడూ చెప్పలేదే మా.”

“నువ్వు అడిగినావా?”

సుజాత చేతిలో గిన్నె కడిగి బోర్లించి, “సరే, రేపొక్క దినం పంపిస్తా. మళ్లీ వచ్చేస్తే ఇంట్లోనే చదువు. నువ్వు అడ్డం రాగూడదు,” అంది. ఒప్పుకున్నాను.

మరునాడు పొద్దున పిల్లతో నేనూ పోయి, హెడ్మాస్టరును అడిగి ఏడో తరగతి వసారాలో కూర్చున్నాను. సారు లెక్కలు ఇచ్చాడు. కీర్తన అందరికంటే ముందు చేసేసి పెన్సిలు పెట్టింది. వాకిలి వైపు చూసింది. తర్వాత నా వైపు చూసింది. నేను మొహం తిప్పుకున్నాను. మళ్లీ చూసేసరికి పక్కపిల్ల దగ్గరికి జరిగి ఉంది. ఆ పిల్ల ఇంకా మూడో లెక్క మీదే ఉంది. కీర్తన చిట్టచివరి లెక్క మీద వేలు పెట్టి, అది ఎట్లా చేయాలో చెప్పి ఆ పిల్లతోనే చేయించింది. తర్వాత దాని పైది. ఆ తర్వాత దాని పైది. సారు చూసి, మళ్లీ నల్లబల్ల వైపు తిరిగాడు.

గంట కొట్టగానే కీర్తన వాకిలి దాకా వచ్చింది.

“నువ్వు ఇంటికి పో అవ్వా. ఇంకా సాళ్లు ఉండాయి.”

నేను లేచి ఇంటికి వచ్చేశాను.