రబ్బరు పిన్ని దిద్దిన మాట

ముందు ఆ చప్పుడు వినిపించేది. బీరువాల వెనక ఎవరో ఎండుటాకుల మీద మెల్లగా నడుస్తున్నట్టు, ఆగి, మళ్లీ నడుస్తున్నట్టు. దాని వెంట వెళితే వెనకగదిలో కిటికీ కింద ఆవిడ. ముక్కు చివర కళ్లజోడు, ఒళ్లో తెరిచిన పుస్తకం, చేతిలో అరిగిపోయిన రబ్బరు.

కాలేజీలో అందరికీ ఆవిడ రబ్బరు పిన్ని. ఏడాది చివర మేం లైబ్రరీకి తిరిగి ఇచ్చిన పుస్తకాల్లో పెన్సిలు రాతలు చెరపడం ఆవిడ ఉద్యోగం. కుట్టు వైపు నుంచి అంచుకు, ఎప్పుడూ ఒకే దిక్కుగా రుద్దేది. ఎదురు రుద్దితే పాత కాగితం చిరుగుతుంది.

మేం చదివేది ఇంగ్లీషు సాహిత్యం. వందల ఏళ్ల నాటి నాటకాలు. మాటలు తెలిసినవే, లోపల కాపురమున్న అర్థాలే వేరు. లెక్చరర్ చెప్పిన అర్థాన్ని మాట పక్కన మార్జిన్లో రాసుకునేవాళ్లం. ఒకే నాటకం ఇరవై ప్రతులు, ఒకే పంక్తి పక్కన ఇరవై చేతిరాతల్లో ఒకే అర్థం. వాటిని ఒకదాని తర్వాత ఒకటి చెరుపుతూ పిన్ని చదివేది. ఇంటర్‌తో చదువు ఆగిన మనిషి. అనుమానం వస్తే హాల్లో ఎవరూ ముట్టని పెద్ద నిఘంటువు తీసేది. ఏ మాటకు ఏ కాలంలో ఏ అర్థం ఉండేదో అందులో ఉంటుంది.

"ఫాండ్ అంటే ఇప్పుడు ఇష్టం, ఒకప్పుడు తెలివితక్కువ అనిట. సిల్లీ అంటే ఇప్పుడు తెలివితక్కువ, ఒకప్పుడు పాపం అమాయకపు ప్రాణి అనిట" అని ఒకసారి నాతో నవ్వింది. "తెలివితక్కువతనం ఆ ఇంట్లో ఖాళీ చేసి ఈ ఇంట్లో అద్దెకు దిగింది, చూశావా తల్లీ."

ఒక నాటకంలో రాజు, జబ్బుపడిన కూతురి దగ్గరికి వైద్యుణ్ణి 'ప్రెజెంట్లీ' పంపమంటాడు. కాసేపాగి అని మా లెక్చరర్ చెప్పేవారు. ఆ ఒక్క మాట పట్టుకుని ఆయన రాతిగుండె తండ్రి అని ఏళ్ల తరబడి విద్యార్థులు పరీక్షల్లో రాశారు. ఆ నాటకం నాటి అర్థం, ఈ క్షణమే అని.

"పరిగెత్తమని మొత్తుకుంటున్నాడే ఆయన. వీళ్లు కసాయివాణ్ణి చేశారు" అనేది పిన్ని. ఇంట్లో చెబితే వాళ్ల వదిన, "కందకు లేని దురద కత్తిపీటకెందుకు?" అందట. అయినా ఆ ఏడు ఇరవై ప్రతుల్లోనూ తప్పు చెరిపి, అదే చోట చిన్న గుండ్రటి అక్షరాలతో 'ఈ క్షణమే' అని రాసింది.

ఆ ప్రతుల్లో ఒకటి నా చేతికొచ్చింది. అది చూసి నేను పరీక్షలో రాజును వణికే తండ్రిగా రాశాను. రెండు మార్కులు పోయాయి. పుస్తకం పట్టుకెళ్లి లెక్చరర్‌కి మార్జిన్ చూపించాను. ఆ రాత ఎవరిదో బయటపడుతుందన్న ఆలోచనే నాకు రాలేదు. ఆయన దాన్ని లైబ్రేరియన్‌కి చూపిస్తే, చూడగానే ఎవరి రాతో తెలిసిపోయింది. మర్నాడు లైబ్రేరియన్ గదిలో నలుగురం: ఆయన, లెక్చరర్, పిన్ని, నేను.

"ఈ రాత నీదేనా?" అన్నారు లైబ్రేరియన్.

"నాదేనండి."

"చెరపమని పెట్టుకున్నదానివి నువ్వే రాస్తే, కంచే చేను మేసినట్టు కాదూ?"

లెక్చరర్ అడ్డొచ్చారు. "ఈ అర్థం నీకెవరు చెప్పారమ్మా?"

పిన్ని రెండు చేతులా నిఘంటువు మోసుకొచ్చి, పేజీ తీసి ఆయన ముందు పెట్టింది. ఆయన నిలబడే చదివారు, చాలాసేపు. పక్కనుంచి నేనూ చదివాను. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. పుస్తకం మూసేశారు.

"అది వేరే సంగతి. లైబ్రరీ పుస్తకంలో రాయడం తప్పా, కాదా?"

"తప్పేనండి. ఏ శిక్షైనా వేయండి. అర్థం మాత్రం సరైందేనని ఒక్క మాట అనండి. అది చాలు నాకు."

ఆయన నా వైపు తిరిగారు. నా పరీక్ష పేపరు ఆయన చేతిలో ఉంది. "నువ్వు చెప్పమ్మా. ఇప్పుడు చూశావుగా, ఏమంటావు? నిఘంటువు ఈవిడ పక్షమేనా?"

పిన్ని నన్నే చూస్తోంది. ఆ చూపులో భయం లేదు. అదే ఇప్పటికీ నన్ను కాలుస్తుంది.

"నాకు సరిగా అర్థం కాలేదు సార్" అన్నాను.

ఆవిడకు మెమో ఇచ్చారు. తన అక్షరాలు తనే చెరుపుకుంది, ఇరవై ప్రతుల్లోనూ. వారం తిరక్కుండా నా రెండు మార్కులు నాకు కలిశాయి, మాటా పలుకూ లేకుండా. తర్వాతి ఏడు తిరిగొచ్చిన పుస్తకాల్లో ఇరవై చేతిరాతల్లో 'ఈ క్షణమే' అని ఉంది. తన సొంత పరిశోధన అని లెక్చరర్ క్లాసులో చెప్పారట. పిన్ని వాటినీ చెరిపేసింది.

నేనిప్పుడు అదే నాటకం పాఠం చెబుతున్నాను. పిన్ని ఉద్యోగం నుంచి దిగిపోయిందని విని పోయిన నెల వాళ్లింటికి వెళ్లాను. ఆవిడ దండెం మీద బట్టలు తీస్తోంది. కూర్చోమనలేదు. మీ గురించి రాస్తాను పిన్నీ, ఆ అర్థం మీదేనని అందరికీ తెలిసేలా రాస్తాను, అన్నాను. ఆవిడ దుప్పటి నాలుగు మడతలు పెట్టింది.

"రాసుకో అమ్మాయ్. ఆ రోజు గదిలో అర్థం తెలిసినవాళ్లం ముగ్గురమే. నా మాట చెల్లదు, ఆయన అనడు. ఆ రోజు అనడానికి మిగిలింది నువ్వొక్కదానివే."