విప్పి చూడకుండా తీసుకున్న హార్మోనియం

1942లో గద్వాల బజారులో నాకొక చిన్న కొట్టు ఉండేది. హార్మోనియంలు బాగుచేయడం, పాతవి కొని సరిచేసి అమ్మడం నా పని. రంపం పట్టడం మా నాన్న దగ్గర, స్వరం పట్టడం రాయచూరులో ఒక ముసలి మేస్త్రీ దగ్గర నేర్చుకున్నాను. "ఖాజా చెయ్యి పడితే చచ్చిన పెట్టె కూడా పలుకుతది" అని భజన చేసేవాళ్లు అంటుంటే నా కాళ్లు నేల మీద నిలిచేవి కావు. ఆ పొగరు రోజుల్లో నేను చేసిన పని ఇది. చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది.

హార్మోనియంకు ప్రాణం రీడ్‌లో ఉంటుంది. రీడ్ అంటే ఇత్తడి పలకకు బిగించిన సన్నటి ఇత్తడి నాలుక. వెనక చేత్తో ఊపే తిత్తిని బెల్లోస్ అంటాం. అది పంపిన గాలికి ఈ నాలుక అదిరి స్వరం పలుకుతుంది. జర్మనీ నుంచి వచ్చే రీడ్‌లు తరాలు నిలిచేవి. యుద్ధం వచ్చి వాటి రాక ఆగిపోయింది. ఆ తర్వాత దొరికినవన్నీ పలుచని రేకు ముక్కలు, గట్టిగా వాయిస్తే విరిగిపోయేవి. అందుకే తక్కువ డబ్బుతో మంచి పెట్టె కావాలని వచ్చినవాళ్లకు నేను ఒకటే చెప్పేవాణ్ని: పాలిష్ చూడొద్దు, లోపల రీడ్ చూడండి అని. ఊరందరికీ చెప్పిన ఆ మాట నేనే పాటించలేదు.

ఆ ఏడు వానాకాలం చివర్లో ధరూర్ దగ్గరి పల్లె నుంచి ఈరప్ప వచ్చాడు. ఊరూరా తిరిగి రైతులకు నాటకాలు నేర్పే పంతులు. పద్యం చెప్పేది, తాళం తప్పితే తిట్టేది, పెట్టె వాయించేది అన్నీ ఆయనే. గుండ్రటి బుట్టలాంటి పడవ, పుట్టిలో కృష్ణా నది దాటుతుంటే పుట్టి ఒరిగి పెట్టె నీళ్లలో పడింది. పుట్టివాళ్లు దూకి పైకి తెచ్చారట. దాన్ని దుప్పట్లో చుట్టి, పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని వచ్చాడు.

"ఉస్తాద్, జర విప్పి సూడు. లోపల మంచిగనే ఉండొచ్చు" అన్నాడు.

చెక్క ఉబ్బింది, తోలు జారింది, వేళ్లతో నొక్కే మెట్ల సందుల్లో ఒండ్రు. వేలితో తట్టి చూశాను, అంతే. స్క్రూడ్రైవర్ పట్టుకోలేదు.

"నీళ్లు తాగిన పెట్టె పంతులూ. ఇప్పితే బురద తప్ప ఏముంటది?"

ఆయన పెట్టెను మళ్లీ దుప్పట్లో చుట్టాడు. తర్వాత నడుముకు కట్టుకున్న గుడ్డ సంచి తీశాడు.

"నా కాడ ఇర్వై రూపాయలే ఉన్నయి. గింతల మంచి పెట్టె ఏదన్న సూపియ్యి. మూడు ఊర్లోళ్లు మాట ఇచ్చిండ్రు. పెట్టె లేదంటే ఇంకో పంతుల్ని పిల్సుకుంటరు. నాకు భూమి లేదు, ఇంకో పని తెల్వదు."

ఇరవైకి నా దగ్గర ఒకే ఒక పెట్టె ఉంది. నిగనిగలాడే పాలిష్, తెల్లటి మెట్లు, లోపల మాత్రం ఆ రేకు రీడ్‌లే. పైన పటారం, లోన లొటారం. అదే ఇచ్చాను. మెల్లగా వాయించమని చెప్పాను. వేలమంది కూర్చునే మైదానంలో నాటకం పెట్టెను మెల్లగా ఎవరు వాయిస్తారు? ఆ సంగతి ఆయనకంటే నాకే బాగా తెలుసు. తడిసిన పెట్టెను కట్టెల ఖరీదుకు వదిలేసి వెళ్లాడు. వెళ్తూ దానికి దండం పెట్టుకున్నాడు.

వారం తర్వాత చెక్క పనికొస్తుందేమోనని ఆ పెట్టె విప్పాను. రీడ్ బోర్డు మీది ఒండ్రు కడిగి, గుడ్డతో తుడిచి, ఒక్కొక్క రీడ్ నోటి దగ్గర పెట్టుకుని ఊదాను. జర్మనీ రీడ్‌లు. ఒక్కటి కూడా చెడలేదు. ఇత్తడికి నీళ్లంటే భయమేముంది? ఆ మాట నాకు తెలియక కాదు, విప్పే బద్ధకంతో మరిచాను. తోలు, చెక్క మారిస్తే ఈరప్ప దగ్గరున్న ఇరవైలో సగానికే ఆయన పెట్టె ఆయనకు దక్కేది.

ఇంతవరకు పొరపాటు. ఆ తర్వాతది పొరపాటు కాదు. వనపర్తిలో ఒక వకీలు సాహెబు అలాంటి రీడ్‌ల కోసం ఆరు నెలలుగా నన్ను అడుగుతున్నాడు. కొత్త టేకు పెట్టె చేసి, వాటిని అందులో బిగించి ఆయనకు అమ్మాను. ధరూర్ వాళ్లు వారం వారం సంతకు నా కొట్టు ముందు నుంచే పోయేవాళ్లు. ఒక్క కబురు పంపితే చాలు. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకున్నాను.

నాలుగు నెలలకు ఈరప్ప మళ్లీ వచ్చాడు. నాటకం నడుస్తుండగా మూడు రీడ్‌లు విరిగాయట. జనం ఈలలు వేశారు. మిగతా రెండు ఊళ్లవాళ్లు వేరే పంతులును కుదుర్చుకున్నారు. ఆయన నన్నొక్క మాట అనలేదు. "ఇర్వైకొచ్చిన అగ్గువ పెట్టె, దాందేం తప్పు? జర బాగ్‌జేసియ్యి" అన్నాడు.

బెల్లోస్ ఎలుకలు కొట్టాయని వకీలు తన పెట్టెను ఆ రోజుల్లోనే నాకు పంపాడు. సరిచేసి బల్ల మీద పెట్టి ఉంచాను. నేను లోపలికి వెళ్లి వచ్చేసరికి ఈరప్ప దాని మీద కింది పంచమం నొక్కి పట్టుకుని వింటున్నాడు. ఆ స్వరం చివర ఒక చిన్న వణుకు ఉంది. ఆ రీడ్ చేసిన నాటి నుంచే ఉన్న వణుకు. పదహారేళ్లు విన్నవాడికి అది కన్నబిడ్డ గొంతే.

"గిది నాది" అన్నాడు.

అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. "నీదే" అన్నాను.

"నీళ్లు తాగిందంటివి గద. తెల్వక అన్నవా?"

"అప్పుడు తెల్వక అన్న. తెల్సినంక చెప్పలే."

ఆయన తిట్టి ఉంటే బాగుండేది. బెల్లోస్ మూసి, కొక్కెం పెట్టి, పెట్టె మీద చెయ్యి ఉంచి నిలబడ్డాడు. రీడ్‌లు ఊడదీసి ఇచ్చేస్తానన్నాను.

"ఒద్దు. ఆయన పైసలిచ్చి కొన్నడు. ఆయన పెట్టె గుంజుకొని నేనేం పాడాలె?"

అలాంటిదే ఇంకొకటి వెతికి ఇస్తానని, నెలలో తెస్తానని మాటిచ్చాను. నెల పదకొండు నెలలైంది. యుద్ధకాలంలో ఆ రీడ్‌లు ఎక్కడి నుంచి వస్తాయి? చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. నాగర్‌కర్నూల్, లింగాల, ఉప్పునుంతల, ఎక్కడ మూలన పడ్డ పెట్టె ఉందన్నా వెళ్లి విప్పి చూశాను. చివరికి నాగర్‌కర్నూల్‌లో ఒక ఇంటి అటక మీద, జొన్న బస్తాల వెనక దొరికింది. పైన చూస్తే పొయ్యిలో పెట్టేలా ఉంది. లోపల రీడ్‌లు బంగారం. బాగుచేసి, నెత్తిన పెట్టుకుని ఈరప్ప ఊరికి వెళ్లాను.

ఆయన సంతోషంగానే కూర్చుని బెల్లోస్ ఊపాడు. సరిగమ మొదలుపెట్టి గాంధారం దగ్గర ఆగాడు. మళ్లీ మొదలుపెట్టి మళ్లీ అక్కడే ఆగాడు. అప్పుడు ఆయన వేళ్లు చూశాను. పంతులు పని పోయాక రోడ్డుకు కంకర కొట్టే పనికి పోయాడు. సుత్తె పడి కుడిచేతి రెండు వేళ్లు నుజ్జయ్యాయి. మానాయి కానీ వంగవు.

ఆయన భార్య పెట్టె వైపు కూడా చూడలేదు. "తీస్కపో ఖాజన్నా. ఇంట్ల ఉంటే పొద్దంత దాని దిక్కే సూస్తుంటడు. నేను సూడలేను" అంది.

నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు. ఈరప్పే నా భుజం తట్టాడు. "పైసలు తక్కువున్నోడు ఎవడన్న వస్తే గిది వానికియ్యి ఉస్తాద్. విప్పి సూపిచ్చి ఇయ్యి" అన్నాడు.

ఉప్పునుంతల నుంచి వచ్చిన ఒక భజన జట్టుకు, వాళ్లు ఇవ్వగలిగినంతకే ఆ పెట్టె ఇచ్చాను. ఆనాటి నుంచి ఏ పెట్టె వచ్చినా, కొనడానికైనా బాగుచేయడానికైనా, దాని మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకునే విప్పుతాను. లోపల ఏముందో అతను చూసిన తర్వాతే ధర మాట్లాడతాను. తొందరలో ఉన్నవాళ్లు విసుక్కుంటారు. "నమ్మకం లేకనా ఉస్తాద్, నువ్వే విప్పుకో, మళ్లొస్తం" అంటారు. కూర్చోమంటాను. ఆ మనిషి నా మీద పెట్టుకున్న నమ్మకం గురించి నాకు అనుమానం లేదు. ఈరప్ప కూడా అలాగే నమ్మాడు.