పామర్‌స్టన్ నార్త్‌లో నాకు జరిగిన సన్మానం

ప్రమాదం ముంచుకొస్తోందని నాకు మొదట తెలిసింది శనివారం పొద్దున ఏడున్నరకు, ఆక్లాండ్ స్టేషన్‌లో. మా నాలుగేళ్ల జోయల్ జారిపోకుండా ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో ఫోను తెరిచాను. సునీత పంపిన పోస్టర్. అందులో సగం మా ఆయనే: తెల్ల చొక్కా, జోడించిన చేతులు. కింద ఓ మూల తపాలా బిళ్లంత నేను. పైన పెద్ద అక్షరాలతో, "అమరనేత సతీమణికి ఘన సన్మానం". నా పేరు ఎక్కడా లేదు. చోటు చాలలేదేమో.

సునీత మా ఊరి పిల్ల. పామర్‌స్టన్ నార్త్‌లో నర్సు. "చిన్న ప్రార్థన అక్కా, పదిమందిమి. తర్వాత భోజనం. ఎన్నాళ్లని ఆక్లాండ్‌లో ఆ మౌంట్ ఆల్బర్ట్ ఫ్లాట్‌లో తలుపులేసుకుని కూర్చుంటావు?" అని పిలిచింది. అందుకే ఈ ప్రయాణం.

"డాడీ ఫోటో ఎందుకుంది?" అని ఇంగ్లిషులో అడిగింది ఎనిమిదేళ్ల నిస్సీ. దానికి తెలుగు చదవడం రాదు. వింటే అర్థమవుతుంది.

"డాడీని తలుచుకుంటున్నారు" అన్నాను.

మా ఆయన కోస్తాలో ఒక చిన్న పట్టణానికి మున్సిపల్ ఛైర్మన్. నిస్సీకి మూడేళ్లప్పుడు, జోయల్ ఇంకా నా కడుపులో ఉన్నప్పుడు, ఒక సన్మాన సభలో ఆయన్ను కాల్చి చంపారు. తర్వాత చదువు పేరు చెప్పి పిల్లల్తో ఈ దేశం వచ్చేశాను. వాళ్లకు యాక్సిడెంట్ అని చెప్పాను. పెద్దయ్యాక అసలు సంగతి చెబుదామనుకున్నాను. ఎంత పెద్దయ్యాకో తేల్చుకోలేదు.

రైలు చెప్పిన టైముకే కదిలింది. యాత్రలు రాసేవాళ్లు హోటళ్ల గురించి రాస్తారు. నాకు తెలిసింది తలుపుల గురించి. ఈ రైల్లో పెట్టెకు రెండువైపులా తలుపులున్నాయి, చివర అద్దాల్లేని ఒక పెట్టె ఉంది, అక్కడ నిలబడి గాలి పీల్చుకుంటూ ఫోటోలు తీసుకోవచ్చు. మేం వెళ్లలేదు. దక్షిణానికి వెళ్లేవాళ్లు ఎడమవైపు కిటికీ అడిగి తీసుకోండి, మంచు కొండ అటే కనిపిస్తుంది. నేనూ తీసుకున్నాను. తీసుకుని, పిల్లలిద్దర్నీ అద్దానికి దూరంగా నడవా పక్కన కూర్చోబెట్టి, కిటికీ దగ్గర నేను కూర్చున్నాను. రాయో మరొకటో వస్తే ముందు నాకు తగులుతుందని. ఈ దేశంలో మంత్రులు కూడా ఒంటరిగా కూరగాయలు కొనుక్కుంటారు. నేను మాత్రం రైలుకు రాయి తగులుతుందని కాపలా కాస్తాను.

మా బల్లకు అవతలి కిటికీ దగ్గర ఒక కివీ పెద్దావిడ స్వెట్టర్ అల్లుకుంటోంది. హామిల్టన్ దాటాక పులిహోర డబ్బా తెరిచి కొంచెం పెట్టాను. కారానికి కళ్లు తుడుచుకుంటూనే మొత్తం తింది.

"మీ ఆయన ఏం చేస్తారు?" అని అడిగింది.

"రాజకీయాలు" అన్నాను.

"అయ్యో, పాపం" అంది నా చెయ్యి తట్టి.

ఐదేళ్లలో చాలామంది నన్ను ఓదార్చారు. నవ్వొచ్చేలా ఓదార్చింది ఆవిడే.

మధ్యాహ్నం దాటాక రైలు కొండ ఎక్కడానికి గుండ్రంగా చుట్టు తిరుగుతుంది. వచ్చిన పట్టాలే మళ్లీ కింద కనిపిస్తాయి. ఇంకాసేపటికి మంచు కొండ వచ్చింది. పెట్టెలో అందరూ ఎడమవైపుకు ఒరిగారు. నిస్సీ నా భుజం మీదుగా మెడ సాచి, "మమ్మీ, నాకు నీ తలే కనిపిస్తోంది" అంది. "వచ్చేటప్పుడు చూద్దువుగానిలే" అన్నాను.

నాలుగు దాటాక దిగాం. సునీత కారు తెచ్చింది.

"ఏంటే ఈ ఘన సన్మానం?"

"పదిమందే అనుకున్నాం అక్కా. ఇక్కడి తెలుగువాళ్లకు పెద్దదిక్కు ఒక అంకుల్ ఉన్నారు, ఆయన వాట్సాప్ గ్రూపులో పెట్టేసరికి ఎనభైమంది అయ్యారు. అందరూ నిన్ను చూడాలంటున్నారు."

"నన్నా?"

"అదే... ఛైర్మన్ గారి మిసెస్‌ని."

"సరేగానీ, పిల్లల ముందు ఆయనెలా పోయారో ఎవరూ ఎత్తకూడదు. వాళ్లకి తెలియదు."

"అంకుల్‌కి చెప్పేశానక్కా. ఆయన చూసుకుంటానన్నారు."

చర్చి పక్కన హాలు. మూడు తలుపులు. ఒకదానికి సౌండ్ బాక్సులు, ఇంకోదానికి బిర్యానీ గిన్నెలు అడ్డం. మూడో దాని పక్కన కూర్చోగానే నలుగురొచ్చి, "మేడమ్ గారు ఇక్కడ కూర్చోవడమేంటి!" అని మమ్మల్ని ముగ్గుర్నీ తీసుకెళ్లి స్టేజి మీద బల్ల వెనక, అన్ని తలుపులకూ సమాన దూరంలో కూర్చోబెట్టారు.

ఉపన్యాసాలు మొదలయ్యాయి. "దుండగుల తూటాలకు నేలకొరిగిన ధీరోదాత్తుడు" అని ఒకాయన ఎలుగెత్తాడు. నిస్సీ వైపు చూశాను. చక్కగా చిప్స్ తింటోంది. దానికి అన్నం తిను, స్నానం చెయ్యి, చెప్పులు విప్పు అన్న తెలుగు తెలుసు గానీ ఈ తెలుగు తెలియదు. మైకుల్లో మాట్లాడే తెలుగు మీద నాకు అంత ప్రేమ ఎప్పుడూ పుట్టలేదు. అలాగే కానివ్వండి, ఇంకా కష్టమైన మాటలు వాడండి అని మనసులో వేడుకున్నాను.

చివర అంకుల్ లేచారు. రిటైరైన లెక్చరర్. దేవుడిలాంటి మనిషి, ఎయిర్‌పోర్టులో దిగిన ప్రతి స్టూడెంట్‌కూ మొదటి భోజనం ఆయనింట్లోనే. పిల్లలకు తెలియదని సునీత ఆయనకు చెప్పింది కదా. తెలియదు కాబట్టే ఎవరో ఒకరు తెలియజెప్పాలని ఆయనకు అర్థమైంది.

"ఇంతసేపూ పిల్లలకేమీ అర్థం కాలేదమ్మా, పాపం" అని మావైపు తిరిగి, మెత్తగా, ఒక్కో మాటా విడదీసి ఇంగ్లిషులో అన్నారు: "యువర్ డాడీ వాజ్ షాట్ డెడ్. హి ఈజ్ ఎ హీరో."

నిస్సీ నమలడం ఆపింది. నావైపు చూసింది. నేను నోరు తెరిచేలోపే ఎవరో నా భుజాల మీద శాలువా కప్పారు. స్టేజికి రెండు పక్కలా రంగు కాగితాల గొట్టాలు పేలాయి. బర్త్‌డేలకు పేలుస్తారే, అవి.

బల్ల కిందకు ఎప్పుడు వెళ్లానో నాకు తెలియదు. తెలిసేసరికి ఇద్దరు పిల్లలూ నా పొట్ట కింద ఉన్నారు. జోయల్ ఆటనుకుని నవ్వుతున్నాడు. పై నుంచి మెరుపు కాగితాలు ఇంకా రాలుతున్నాయి. నిస్సీ ఒకటి తీసి నా కళ్లముందు పెట్టింది.

"మమ్మీ. ఇట్స్ ఓన్లీ పేపర్."

పైన మైకులో అంకుల్ అందుకున్నారు. "మేడమ్ గారు భావోద్వేగానికి లోనయ్యారు. దయచేసి అందరూ చప్పట్లు..."

కొట్టారు. చాలాసేపు కొట్టారు.

ఉన్నమాట చెప్పాలి, బిర్యానీ బాగుంది. అందరూ సారీ చెబుతూ మూడుసార్లు వడ్డించారు. ఇంటికెళ్లాక సునీత ఏడ్చింది. "నన్ను తిట్టక్కా."

"ఓపిక లేదే. ఇంకో దుప్పటి ఇవ్వు."

పడుకునే ముందు ఎప్పటిలాగే కిటికీ గడియ వేశాను. పక్క ఎక్కబోతూ వెనక్కి చూశాను. నేను వేసిన గడియను నిస్సీ మళ్లీ లాగి చూస్తోంది. అలవాటైన చేత్తో. ఎన్నాళ్ల నుంచి చూస్తోందో! యాక్సిడెంట్ అని చెప్పి తుపాకీనైతే దాచాను. భయాన్ని మాత్రం రోజూ గడియతో సహా అందిస్తూ వచ్చాను. నిద్ర పట్టక నేను ఈ యాత్ర రాయడం మొదలుపెట్టింది ఆ రాత్రే.

ఆదివారం పొద్దున్నే బస్సు. పామర్‌స్టన్ నార్త్ చదునైన ఊరు, సైకిళ్లకు బాగుంటుంది. మనుషులు చాలా మంచివాళ్లు. అక్కడ నన్ను హడలెత్తించినవన్నీ మంచితనం కొద్దీ జరిగినవే. శాలువా కూడా మంచిదే. అవతలి సీట్లో జోయల్ దాన్ని మెడదాకా కప్పుకుని కూర్చున్నాడు.

ఊరు దాటాక నిస్సీ, "అంకుల్ చెప్పింది నిజమేనా?" అంది.

"నిజమే" అన్నాను, ఇద్దరికీ వినిపించేలా, ఇంట్లో మాట్లాడే తెలుగులో. "డాడీని తుపాకీతో కాల్చారు. యాక్సిడెంట్ కాదు. ఆ రోజు డాడీకి దండ వేస్తుంటే బయట టపాకాయలు పేలుస్తున్నారు. తుపాకీ చప్పుడు కూడా టపాకాయే అనుకున్నాను. నవ్వుతూ చప్పట్లు కొట్టాను. అందుకే ఇప్పుడు ఏది పేలినా నాకు తుపాకీలాగే ఉంటుంది. అది నా భయం, నీది కాదు. గడియలు నేను చూసుకుంటాను. లే, ఇటొచ్చి కిటికీ దగ్గర కూర్చో. బస్సు కొండకు అటుపక్కగా వెళ్తుంది కాబట్టి ఇప్పుడు కూడా మనకి ఎడమవైపే కనిపిస్తుంది."