ముగ్గురిలో లేని మనిషి

కువైట్‌లో నేను ఫుట్‌బాల్ జట్టులో పనిచేస్తున్నానని ఫోన్‌లో చెబితే మా అమ్మ నమ్మలేదు. "బళ్లో ఉన్నెప్పుడు ఆటల పీరియడ్ అంటేనే చెట్ల కింద పండుకుంటాంటివి. నీకు బంతి ఎవురిచ్చినార్రా?" అంది. బంతి నాకెవరూ ఇవ్వలేదు, కెమెరా ఇచ్చారు. మా కడప వైపు పెళ్ళిళ్ళకు వీడియోలు తీసి బతికినవాణ్ణి. ఇక్కడికి వచ్చాక దజీజ్‌లో ఒక గోడౌన్‌లో సరుకుల ఫొటోలు తీసేవాణ్ణి. సోఫాలు, కుక్కర్లు, పిల్లల సైకిళ్ళు. ఒక ప్రైవేటు కాలేజీ వాళ్ళ ఫుట్‌బాల్ జట్టుకు వీడియో మనిషి కావాలని తెలిసి, ఎవరూ లేని సోఫాల కన్నా కదిలే మనుషులు మేలనుకుని వెళ్ళాను. దొరికింది.

ఆ ఉద్యోగం ఎందుకు పుట్టిందో చెబితేగానీ తర్వాతి సంగతి అర్థం కాదు. కాలేజీల లీగ్‌లో ఒక నిబంధన ఉంది. జట్టుకు ముగ్గురే కోచ్‌లు. మైదానంలో ఆట నేర్పడానికైనా, మ్యాచ్‌లో ఆటగాళ్ళకు సూచన ఇవ్వడానికైనా ఆ ముగ్గురికే హక్కు. డబ్బున్న కాలేజీ కోచ్‌లందరినీ కొనేసి, లేని కాలేజీని తొక్కెయ్యకూడదని పెట్టారట. మంచి ఆలోచనే. అయితే కోచ్‌లు కానివాళ్ళు ఎంతమంది ఉండవచ్చో ఆ నిబంధనలో లేదు. కొత్తగా వచ్చిన హెడ్ కోచ్ ఆ సందు చూశాడు. మొదట వీడియో తీసే నేను. తర్వాత ఆటగాళ్ళ తిండి చూసేవాడు, నిద్ర చూసేవాడు, ఎదుటి జట్ల మ్యాచ్‌లకు వెళ్ళి రాసుకొచ్చేవాడు, ప్రయాణాల మనిషి, కండరాల మనిషి, మనసు మనిషి. కొన్నాళ్ళకు జట్టు బస్సులో మా వాళ్ళకే సీట్లు చాలక వెనకాల ఇంకో వ్యాన్ పెట్టారు.

ఈ గుంపు రాకముందు నుంచీ ఆ జట్టులో ఉన్నవాడు చాచా. హైదరాబాద్ మనిషి. వయసులో ఉన్నప్పుడు అక్కడి లీగుల్లో గోల్‌కీపర్. కువైట్‌కు డ్రైవర్‌గా వచ్చి, కాలేజీ బస్సు నడుపుతూ, ఖాళీ దొరికినప్పుడు పిల్లలకు గోల్ దగ్గర నిలబడటం నేర్పుతూ, చివరికి గోల్‌కీపర్ల కోచ్ అయ్యాడు. కుడిచేతి చిటికెన వేలు విరిగి వంకరగా అతుక్కుంది. సలాం చెప్పి చెయ్యి కలిపేటప్పుడు ఆ వేలు అందరి చేతికీ అడ్డం తగిలేది. ఆటగాళ్ళు ఏ దేశం వాళ్ళైనా ఆయన్ని చాచా అనే పిలిచేవారు. నేనూ అంతే.

నాకు ఫుట్‌బాల్ చూడటం నేర్పింది ఆయనే. మొదటి వారం నేను తీసిన వీడియో చూసి నవ్వాడు. "ఏంది బేటా ఇది? పెండ్లిల పెండ్లిపిల్ల ఎన్క పడ్డట్టు బంతి ఎన్కనే పడ్డవ్. బంతి అందరికీ కనవడ్తది. అది లేని కాడ ఎవడేం చేస్తుండో అది తియ్యి" అన్నాడు. ఆ రోజు నుంచి కెమెరా వెడల్పు చేసి తీశాను. బంతి అవతలి గోల్ దగ్గర ఉన్నప్పుడు మన కీపర్ గోళ్ళు కొరుక్కుంటున్నాడా, ఎడమవైపు వాడు నడుం మీద చేతులు పెట్టుకుని అలసిపోయాడా, అన్నీ కనబడటం మొదలైంది. హెడ్ కోచ్ నన్ను మెచ్చుకున్నది ఆ వీడియోలకే.

అప్పటి మా గోల్‌కీపర్ తెలుగు పిల్లవాడే. ఇక్కడే, కువైట్‌లోని ఫింటాస్‌లో పుట్టి పెరిగాడు. వాళ్ళమ్మ నర్సు, గోదావరి వైపు ఆవిడ. వాడి తెలుగు ఆమె దగ్గర నేర్చిన తెలుగే, అందుకే అందరినీ మీరు అనేవాడు. మంచి పొడగరి, చురుకైనవాడు, కానీ బెదురు. ఒక గోల్ పడితే మూడు గోల్స్ పడినంత మొహం పెట్టేవాడు. చాచా వాణ్ణి తిట్టేవాడు కాదు. ప్రాక్టీస్ అయ్యాక గోల్ పోస్ట్‌కు ఆనుకుని కూర్చోబెట్టి, ఏలకుల చాయ్ చేతికిచ్చి, ఆట తప్ప మిగతావన్నీ మాట్లాడేవాడు. ఇంట్లో ఏం వండారు, పరీక్షలెప్పుడు, చెల్లెలితో ఇంకా కొట్లాటేనా. మరునాటికి పిల్లవాడు తేరుకునేవాడు.

రెండో ఏడు హెడ్ కోచ్ గోల్‌కీపర్లకు ఒక కొత్త కోచ్‌ను తెచ్చాడు. పెద్ద లైసెన్సులున్నవాడు. అతనూ మంచివాడే. చాచాకు తెలియని విషయాలు అతనికి తెలుసు, అది నేను కళ్ళారా చూశాను. కాకపోతే అతనితో ముగ్గురి లెక్క నిండిపోయింది, చాచా నాలుగోవాడయ్యాడు. చాచాను తీసేయలేదు. "మా దగ్గర ఎంతమందికైనా చోటుంది" అని హెడ్ కోచ్ సంతోషంగానే చెప్పాడు. కాలేజీ మందూబ్, అంటే కాగితాల పనులు చూసే మనిషి, వచ్చి ఒక సంతకం తీసుకున్నాడు. ఆ సంతకంతో చాచా సామాన్ల గది ఇన్‌చార్జి అయ్యాడు. జీతం అదే, ఇఖామా, అంటే ఇక్కడ ఉండనిచ్చే పర్మిట్, అదే. ఒక్కటే షరతు. మైదానంలో ఆటగాళ్ళతో ఆట గురించి మాట్లాడకూడదు. లీగ్ వాళ్ళు చూస్తే జట్టుకు ప్రమాదం.

సంతకం పెట్టి బయటికొచ్చి నాతో అన్నాడు, "ఇగ మనం ఒక్క జాతోళ్ళం బేటా. నువ్వు సూస్త ఉంటవ్, నేను మోస్త ఉంట. మాట్లాడేటోళ్ళు వేరే." నవ్వుతూనే అన్నాడు. నేనూ నవ్వాను. నేను, నాలాంటివాళ్ళం ఇందరం అక్కడ చేరాం కాబట్టే పాతవాళ్ళను అటూ ఇటూ సర్దడం అలవాటైందని అప్పుడు తోచలేదు.

సామాన్ల గది మైదానం పక్కనే. ఉతికిన జెర్సీల వాసన, రబ్బరు వాసన. చాచా దాన్ని అద్దంలా పెట్టాడు. ప్రాక్టీస్ జరుగుతుంటే గుమ్మంలో స్టూల్ వేసుకుని కూర్చునేవాడు. కొత్త కోచ్ కీపర్ చేత ఏదైనా చేయిస్తుంటే చాచా భుజాలు తనకు తెలియకుండానే కదిలేవి. బంతి ఎడమకు పోతే ఎడమకు వాలేవాడు. నోరు మాత్రం విప్పేవాడు కాదు. ఒకసారి కీపర్ పడి లేవకుండా మట్టిలో బోర్లా ఉండిపోయాడు. చాచా స్టూల్ మీద నుంచి లేచి, తెల్ల గీత దాకా వచ్చి, అక్కడే ఆగిపోయాడు. కండరాల మనిషి, మనసు మనిషి ఇద్దరూ పరుగెత్తారు. చాచా వెనక్కి తిరిగి గదిలోకి వెళ్ళి, మడిచిన జెర్సీలనే మళ్ళీ మడతపెట్టాడు.

పిల్లవాడు ఒకరోజు నా దగ్గరికొచ్చాడు. "అన్నా, చాచాగారు నాతో మాట్లాడట్లేదండి. నేనేమైనా తప్పు చేశానా?"

"తప్పు గాదబ్బా, రూల్ అది. ఆయప్ప మాట్లాడితే మనకే దెబ్బ."

"ఆట గురించి వద్దండి. ఊరికే మాట్లాడచ్చు కదా?"

ఆ మాట చాచాకు చెప్పాను. ఆయన "ఊకెనే మాట్లాడుడు నాకు రాదు బేటా. మాట్లాడితే ఆటనే వస్తది. అందుకే బంద్ జేసిన" అన్నాడు.

ఆ ఏడు సెమీఫైనల్ దాకా వచ్చాం. మ్యాచ్ సమమై పెనాల్టీలకు పోయింది. ఎదుటి జట్టులో ఎవరు ఎటు కొడతారో నెల రోజులుగా వీడియోలు చూసి పట్టుకున్నవాణ్ణి నేను. కొత్త కోచ్ ఆ వివరాలు చిన్న కాగితం మీద రాసి కీపర్ నీళ్ళ సీసాకు అంటించాడు. కొట్టడానికి వచ్చేవాణ్ణి చూడటం, సీసా చూడటం, దూకడం. ఒకటి ఆపాడు. బెంచీ మీద మా వాళ్ళంతా గంతులేశారు. చాచాకు బెంచీ దగ్గర చోటు లేదు. ఎదురుగా గ్యాలరీలో, ఆటగాళ్ళ తల్లిదండ్రుల మధ్య కూర్చున్నాడు.

చివరి పెనాల్టీ. అది ఆపితే ఇంకా ఆటలో ఉంటాం. కొట్టేవాడు కీపర్‌కు కుడివైపే కొడతాడని నా వీడియో చెప్పింది, సీసా మీదా అదే ఉంది. పిల్లవాడు సీసా చూశాడు. కింద పెట్టాడు. అప్పుడు తలెత్తి గ్యాలరీలోకి చూశాడు. నేను పైనుంచి కెమెరాలో వాణ్ణే చూస్తున్నాను కాబట్టి వాడి చూపు ఎటు పోయిందో నాకు తెలిసింది. నేనూ అటు చూశాను. చాచా లేచి నిలబడి ఉన్నాడు. ఎడమ చేత్తో ఎడమ తొడ మీద రెండుసార్లు తట్టుకున్నాడు.

పిల్లవాడు ఎడమకు దూకాడు. బంతి కుడివైపు, వాడు లేని గోల్‌లోకి, మెల్లగా పోయింది.

ఓడిపోయింది మేమే అయినా గొడవ అక్కడితో అయిపోలేదు. గ్యాలరీలోంచి సైగ రావడం ఎదుటి జట్టువాళ్ళూ చూశారు, ఫిర్యాదు పెట్టారు. లీగ్ వాళ్ళు పిలిచి అడిగితే చాచా దాచలేదు. "అవును, నేనే చూపించిన" అన్నాడట. కాలేజీకి గట్టి హెచ్చరిక వచ్చింది. హెడ్ కోచ్ సామాన్ల గదికి వెళ్ళి ఆయన చెయ్యి పట్టుకుని, ఇది తన చేతిలో లేదని, కాలేజీ వేరే శాఖలో పని చూపిస్తుందని చెప్పాడు. చాచా వద్దన్నాడు. "ఖలాస్" అన్నాడు. అంతే. జట్టులో చాలామందికి కోపం కూడా వచ్చింది. చేతిలో రాసిపెట్టిన జవాబు ఉండగా ఆ ముసలాయన ఎందుకు వేలు పెట్టాడని. నిజం చెప్పాలంటే నాకూ వచ్చింది. నెల రోజుల నా పని అది.

చాచా వీసా మార్చుకుని దజీజ్‌లో, నేను ఒకప్పుడు పనిచేసిన వీధికి దగ్గరలోనే, ఒక గోడౌన్‌లో చేరాడు. ఎండలు ముదిరాక ఒక శుక్రవారం చూడటానికి వెళ్ళాను. అట్టపెట్టెల మధ్య కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి సంబరపడ్డాడు. చాయ్ తెప్పించాడు. కాసేపు అవీ ఇవీ మాట్లాడుకున్నాక ఉండబట్టలేక అడిగాను.

"చాచా, వాడు కుడిపక్కనే కొడ్తాడని సీసా మీద రాసిపెట్టినాం గదా. నువ్వు ఎడమ పక్క ఎట్ల జెప్పినావు? ఏం జూసినావు వాన్లో?"

"వాన్ని నేను సూడనే లే బేటా."

"మరి?"

"మన పోరన్ని సూసిన. మొహం తెల్లగ అయిపోయింది. సీసా సూసిండు, నమ్మలే. నా దిక్కు సూసిండు. కుడా, ఎడమా నాకేం ఎరుక? అంత దూరం కెల్లి ఏం కనవడ్తది? గని ఏడాది సంది నా దిక్కు సూస్తుండు, నేను మొహం తిప్పుకుంటున్న. ఆ ఒక్క గడియ తిప్పుకోలేకపోయిన. ఏదో ఒకటి చెప్పాల్నని చెయ్యి లేచింది. అది ఎడమ చెయ్యి అయింది." చాయ్ గ్లాసు కింద పెట్టాడు. "నీ వీడియోనే సహీ. పోరన్ని నేనే ముంచిన."

లోడ్ బండి వచ్చింది, ఎవరో "యల్లా, యల్లా" అని కేకేశారు. ఆయన లేచి వెళ్ళాడు.

ఆ సాయంత్రమే పిల్లవాడికి ఫోన్ చేసి జరిగింది చెప్పాను. వాడు అన్నాడు, "నాకు తెలుసండి అన్నా. ఆయనకి తెలీదని నాకు తెలుసు."

"తెలిసి యాల దూకితివి రా?"

"ఆయన లేచి నిలబడ్డారండి. నా కోసం. ఇంక అటు కాకుండా ఇంకోవైపు ఎలా దూకుతానండి?"

వాడు మళ్ళీ ఆడలేదు. చదువు పూర్తయి ఏదో ఆఫీసులో ఉద్యోగం చేస్తున్నాడు. దజీజ్ వెళ్ళి చాచాను కలిశానని ఒకసారి చెప్పాడు. ఏం మాట్లాడుకున్నారో నేను అడగలేదు, వాడు చెప్పలేదు. చాచా ఆ చలికాలానికి కువైట్ వదిలేసి హైదరాబాద్ వెళ్ళిపోయాడు.

ఇప్పుడు మా విభాగం ఇంకా పెరిగింది. నా కిందే ముగ్గురున్నారు. పోయిన ఏడాది లీగ్ గెలిచాం కూడా, ఆ గెలుపులో మా పని ఉంది, కాదనను. కానీ గోల్ పడి పిల్లవాడెవడైనా తల దించుకుని బయటికి వచ్చినప్పుడు, ఇది ఎవరి పని అని మేమంతా ఒకరి మొహాలు ఒకరం చూసుకుంటాం. చివరికి మనసు మనిషి వెళతాడు. ఆయన మంచి ప్రశ్నలే అడుగుతాడు. ఇంట్లో ఏం వండారని అడగడు.

పండగలకు చాచా ఫోన్ చేస్తాడు. పోయినసారి మా విభాగంలో ఇప్పుడు ఎంతమందిమో చెబితే పకపక నవ్వాడు. "అంతమందున్నరా? మంచిగైంది బేటా, అంతమంది ఇండ్లల్ల పొయ్యి ఎలుగుతది" అన్నాడు. మా అమ్మ ఆరోగ్యం అడిగాడు. కువైట్‌లో దుమ్ము ఎట్లుందని అడిగాడు. జట్టు ఎలా ఆడుతోందని మాత్రం అడగలేదు. చెప్పనా అని నాలుక చివరి దాకా వచ్చింది. ఆయన అడగనిది నేనెలా చెప్పను? దుమ్ము ఈ ఏడు ఎక్కువగానే ఉందని చెప్పాను.